స్టిక్ నడుమకు రావాలి, థ్రాటిల్ పెట్టినచోటే ఉండాలి

మామునూరు విమానాశ్రయం పనులకు 2025లో కేంద్రం పచ్చజెండా ఊపినప్పటి నుంచి వరంగల్, హనుమకొండ పిల్లల్లో విమానాల ముచ్చట ఎక్కువైంది. నిజాం కాలంలో వేసిన ఆ రన్‌వే మీద సర్వీసులు ఆగిపోయి నలభై ఏళ్లు దాటింది. కంప్యూటర్‌లో ఎగరాలంటే మాత్రం ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నేలంతా ఉపగ్రహ చిత్రాల మీద కట్టిందే. చిన్న సెస్నా ఒకటి ఎక్కి, భద్రకాళి చెరువు పక్కనుంచి కాజీపేట జంక్షన్ మీదికి వచ్చి, రైలు పట్టాలు పట్టుకుని ఉత్తరానికి పోతే రామగుండం దాకా దారి తప్పేది లేదు.

కీబోర్డుతో మొదలుపెట్టినవాళ్లు వారం తిరక్కుండానే అడిగే మాట ఒకటే: "అన్నా, ఏ జాయ్‌స్టిక్ తీసుకోవాలె?" ఆన్‌లైన్‌లో వెతికితే తల తిరుగుతుంది. ఒకడు 16 బటన్లంటాడు, ఇంకొకడు 14 బిట్లంటాడు, మరొకడు హాల్ సెన్సర్ లేకపోతే కొననే వద్దంటాడు. మూడు నాలుగు వేల సరుకుకూ దానికి పదింతలు పెట్టాల్సిన సరుకుకూ పెట్టె మీద రాసేది దాదాపు ఒకటే. బటన్లు, బిట్లు పక్కనపెట్టి, విమానాన్ని వంచే జాయ్‌స్టిక్, ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్, ఈ రెండు పరికరాలూ చేయాల్సిన పనేమిటో ముందు చూడాలని నా అభిప్రాయం.

జాయ్‌స్టిక్ వదిలితే నడుమకు తిరిగి రావాలి. వచ్చేటప్పుడు ఎక్కడా పట్టుకోకూడదు, వచ్చాక అటూ ఇటూ ఆడకూడదు. థ్రాటిల్ దీనికి పూర్తిగా తిరగేసిన పని. వదిలితే కదలకూడదు, ఎక్కడ పెడితే అక్కడే నిలవాలి. స్టిక్‌కు రాపిడి శత్రువు, థ్రాటిల్‌కు రాపిడే ప్రాణం. స్టిక్‌కు స్ప్రింగు కావాలి, థ్రాటిల్‌లో స్ప్రింగు ఉండనే కూడదు. ఒకే కంపెనీ, ఒకే పెట్టెలో, ఒకే ధరకు ఈ రెండింటినీ ఇస్తున్నప్పుడు ఒకటి బాగుండి రెండోది నాసిరకంగా ఉండటానికి కారణం ఇదే. రెంటికీ ఒకే నైపుణ్యం సరిపోదు.

స్టిక్ లోపల ఏముంటుంది

పాత పద్ధతి పొటెన్షియోమీటర్. రేడియోలో వాల్యూమ్ తిప్పే నాబ్ లోపల ఉండేది అదే. కార్బన్ పూసిన పట్టీ మీద చిన్న లోహపు ముల్లు జరుగుతూ ఉంటుంది. ముల్లు ఎక్కడుందో దాన్నిబట్టి వోల్టేజీ మారుతుంది, ఆ వోల్టేజీని అంకెగా మార్చి కంప్యూటర్‌కు పంపుతారు. చవక, సులువు. ఇబ్బందల్లా ఆ ముల్లు రాసుకుంటూ తిరగడమే. కార్బన్ అరుగుతుంది, దుమ్ము చేరుతుంది, అంకె గెంతుతుంది.

ఎండాకాలం కిటికీ తెరిచి ఫ్యాన్ కింద కూర్చునే మన ఇళ్లలో దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. కానీ దుమ్ముకన్నా గమనించాల్సింది ఇంకొకటుంది. స్టిక్ ఎక్కువసేపు ఉండేది నడుమనే. తిన్నగా పోతున్నంతసేపూ మన చెయ్యి అక్కడే చిన్నచిన్నగా సరిచేస్తూ ఉంటుంది. అంటే పట్టీ మొత్తంలో అన్నిటికన్నా ముందు అరిగేది సరిగ్గా నడుమ భాగం. మనకు అన్నిటికన్నా ఖచ్చితంగా ఉండాల్సిన చోటే ముందు పాడవుతుంది. రెండేళ్లు వాడిన చవక స్టిక్‌తో విమానం తిన్నగా పోకుండా ఒక పక్కకు వాలడం, ముక్కు ఉన్నట్టుండి ఎగరడం చాలావరకు ఇందువల్లే.

దీనికి విరుగుడు హాల్ ఎఫెక్ట్ సెన్సర్. అయస్కాంతం దగ్గరికొచ్చినా దూరం జరిగినా విద్యుత్తులో తేడా కనపడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టాడు. స్టిక్ కింద చిన్న అయస్కాంతం, దానికి ఎదురుగా చిప్పు. ఒకదాన్నొకటి తాకవు, కాబట్టి అరగవు. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం మధ్యతరగతి ధరలోనే దీన్ని తెచ్చి పేరు తెచ్చుకుంది. వీకేబీ గ్లాడియేటర్, వర్పిల్ లాంటివి కూడా తాకని సెన్సర్లే వాడతాయి.

అయితే ఇక్కడే చాలామంది పొరపడతారు. హాల్ సెన్సర్ ఉంటే స్టిక్ మంచిదైపోయినట్టు కాదు. సెన్సర్ చూసి చెప్పేది మాత్రమే. స్టిక్‌ను నిజంగా నడుమకు తెచ్చేది కింద ఉన్న ఇనుప పని, దాన్నే గింబల్ అంటారు. గింబల్ వదులుగా ఉంటే హాల్ సెన్సర్ ఆ వదులునే మహా ఖచ్చితంగా చూపిస్తుంది. ఇంకో సంగతి: ప్రధానమైన రెండు అక్షాలకు హాల్ పెట్టి, స్టిక్‌ను మెలి తిప్పితే విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డర్ అక్షానికి పాత పొటెన్షియోమీటరే ఉంచే డిజైన్లు ఉన్నాయి. టీ.16000ఎం కూడా అలాంటిదే. ఎక్కువ వాడకంలో ముందు మొరాయించేది ఆ మెలి అక్షమే.

చవక గింబల్ తయారీ ఇలా ఉంటుంది: స్టిక్ అడుగున ఒక ప్లాస్టిక్ పళ్లెం, దాని మీద స్టిక్ చుట్టూ లావుపాటి స్ప్రింగు ఒకటి. ఎటు వంచినా పళ్లెం అంచు లేస్తుంది, స్ప్రింగు నొక్కుకుంటుంది. ఒకే స్ప్రింగు అన్ని దిక్కులకూ పని చేస్తుంది కాబట్టి ఖర్చు తక్కువ. కానీ పళ్లెం బల్లపరుపుగా కూర్చుని ఉన్నప్పుడు దాన్ని లేపడానికి మొదట కాస్త బలం పెట్టాలి. ఒకసారి లేచాక తేలికవుతుంది. చేతికి అది నడుమ దగ్గర గట్టు ఎక్కి దిగినట్టు తెలుస్తుంది. పెద్ద మలుపులకు ఇబ్బందేమీ లేదు. రన్‌వే ముందు చివరి క్షణాల్లో స్టిక్‌ను కొద్దిగా, అతి కొద్దిగా వెనక్కి లాగాల్సినప్పుడు మాత్రం ఆ గట్టు ప్రాణం తీస్తుంది. బలం పెడితే ఎక్కువ కదులుతుంది, పెట్టకపోతే కదలనే కదలదు.

మంచి గింబల్‌లో ముందు-వెనకలకు ఒక స్ప్రింగు, కుడి-ఎడమలకు ఇంకొకటి. ఒక్కోదానికి క్యామ్ అనే చిన్న వంపు ముక్క. బేరింగు ఆ వంపు మీద దొర్లుతుంది. నడుమ ఎంత గట్టిగా తెలియాలి, దూరం పోయేకొద్దీ ఎంత బిగువు పెరగాలి అన్నది ఆ వంపు ఆకారమే నిర్ణయిస్తుంది. వర్పిల్ బేసుల్లో ఈ క్యామ్‌లు, స్ప్రింగులు మనమే మార్చుకోవచ్చు. గ్లాడియేటర్‌కూ వేరే స్ప్రింగులు వేసుకునే వీలుంది. డబ్బు నిజంగా పోసేది ఇక్కడ. పట్టు మీదున్న బటన్లకు కాదు.

బిట్ల లెక్క ఒకసారి చూద్దాం

స్టిక్ ఇటు 20 డిగ్రీలు, అటు 20 డిగ్రీలు, మొత్తం 40 డిగ్రీలు కదులుతుందనుకుందాం. 8 బిట్లంటే ఆ 40 డిగ్రీలను 256 మెట్లుగా కోయడం. ఒక్కో మెట్టు 0.16 డిగ్రీ. చెయ్యి ఇరుసుకు 20 సెంటీమీటర్ల పైన ఉంటే, ఆ మెట్టు చేతి దగ్గర అర మిల్లీమీటరు పైచిలుకు. ఇది తెలుస్తుంది. 10 బిట్లకు 1,024 మెట్లు, ఒక్కోటి 0.14 మిల్లీమీటరు. 12 బిట్లకు 4,096 మెట్లు, 0.03 మిల్లీమీటరు. 14 బిట్లకు 16,384 మెట్లు, 0.01 మిల్లీమీటరు కన్నా తక్కువ. 12 బిట్లు దాటాక మనిషి చెయ్యి అంత సన్నగా కదలలేదు. 12 బిట్లున్న నికరమైన గింబల్, 14 బిట్లున్న వదులు గింబల్ కన్నా ఎప్పుడైనా మేలే.

చేతికి నిజంగా తేడా తెలిసేది స్టిక్ పొడవు వల్ల. 20 సెంటీమీటర్ల స్టిక్‌కు ఒక డిగ్రీ అంటే చేతి దగ్గర 3.5 మిల్లీమీటర్లు. మధ్యలో 10 సెంటీమీటర్ల గొట్టం కలిపితే అదే డిగ్రీకి చెయ్యి 5.2 మిల్లీమీటర్లు కదలాలి. అంటే అదే సెన్సర్‌తో, అదే సాఫ్ట్‌వేర్‌తో మన చేతి నేర్పు ఒకటిన్నర రెట్లు పెరిగినట్టే. కాకపోతే మీట పొడవు పెరిగింది కాబట్టి స్ప్రింగు బలం చేతికి మూడింట రెండు వంతులే తెలుస్తుంది. అందుకే గొట్టం వేసినవాళ్లు బిర్రుగా ఉండే స్ప్రింగు కూడా వేసుకుంటారు. పొడుగు స్టిక్ బల్ల మీద పెట్టుకోవడం కుదరదు, రెండు కాళ్ల మధ్య నేలకు దగ్గరగా బిగించాలి. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణకు వాడే పిలాటస్ పీసీ-7లో స్టిక్ ఉండేదీ అక్కడే.

స్టిక్ అసలే కదలకపోతే? ఎఫ్-16 మొదటి డిజైన్‌లో పక్కనున్న స్టిక్ కదిలేదే కాదు. పైలట్ ఎంత బలంతో నొక్కుతున్నాడో సెన్సర్లు కొలిచేవి. ఎంత నొక్కుతున్నామో చేతికి అంతు చిక్కక పైలట్లు ఇబ్బంది పడ్డారు. ఆ తర్వాత కొద్దిపాటి కదలిక పెట్టారు. కంప్యూటర్ లెక్కకు అవసరం లేని ఆ కదలిక మనిషి చేతికి అవసరమైంది. జాయ్‌స్టిక్ కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది.

ఏ విమానానికి ఏ స్టిక్

స్ప్రింగు జాయ్‌స్టిక్ ఏదైనా ఎయిర్‌బస్‌కు చక్కగా అతుకుతుంది. ఏ320లో కెప్టెన్ ఎడమ చేతి పక్కన ఉండేది నిజంగానే స్ప్రింగుతో నడుమకు వచ్చే సైడ్‌స్టిక్. అది రెక్కల మీది పలకలను నేరుగా కదపదు, కంప్యూటర్‌కు కోరిక చెబుతుంది. పక్కకు వంచితే ఇంత వేగంతో ఒరుగు అని, పూర్తిగా వంచినా సెకనుకు 15 డిగ్రీలకు మించకుండా. 33 డిగ్రీల లోపు ఒరిగి ఉన్నప్పుడు వదిలేస్తే విమానం అలాగే ఉంటుంది, కంప్యూటరే పట్టి ఉంచుతుంది. చెయ్యి పట్టకుండానే ముక్కు ఒకే తీరున నిలిచేలా సర్దడాన్ని ట్రిమ్ అంటారు, అది కూడా కంప్యూటరే చూసుకుంటుంది. కాబట్టి ఇంట్లో స్టిక్ వదిలినప్పుడు జరిగేదీ, అసలు విమానంలో వదిలినప్పుడు జరిగేదీ ఒకటే. థ్రస్ట్‌మాస్టర్ టీసీఏ సైడ్‌స్టిక్ ఈ అచ్చులోనే వచ్చింది, ఎడమ చేతికైనా కుడి చేతికైనా మార్చుకోవచ్చు.

సెస్నాతో వ్యవహారం వేరు. హైదరాబాద్ బేగంపేటలో శిక్షణ విమానాలు ఎక్కిన ఎవరినైనా అడగండి, మొదటి రోజుల్లో బుర్రకెక్కించేది ట్రిమ్మే. అసలు విమానంలో యోక్‌ను, అంటే స్టిక్ బదులుండే స్టీరింగు లాంటి పట్టును, నడుమ పెట్టే స్ప్రింగు అంటూ ఏదీ లేదు, గాలే ఆ పని చేస్తుంది. వేగం తగ్గిస్తే ముక్కు దిగుతుంది, పట్టి ఉంచడానికి యోక్‌ను వెనక్కి లాగాలి, చేతికి బరువు తెలుస్తుంది. అప్పుడు ట్రిమ్ చక్రం తిప్పుతారు. తిప్పుతున్నకొద్దీ బరువు తగ్గుతూ వచ్చి పోతుంది. యోక్ మాత్రం లాగిన చోటే ఉంటుంది. చెయ్యి తీసేసినా విమానం అలాగే పోతుంది.

ఇంట్లో జాయ్‌స్టిక్‌కు అలా లాగినచోట నిలిచే దారి లేదు. స్ప్రింగు దాన్ని ఎప్పుడూ అదే నడుమకు లాగుతుంది. కాబట్టి ఇక్కడ ట్రిమ్ చేయడమంటే రెండు పనులు కలిపి చేయడం. ట్రిమ్ కొద్దికొద్దిగా ఇస్తూ, ముక్కు కదలకుండా చూసుకుంటూ, స్టిక్‌ను అంతే నెమ్మదిగా నడుమకు వదులుతూ రావాలి. ఒకటి తొందరపడ్డా, రెండోది ఆలస్యమైనా విమానం ఉయ్యాలూగుతుంది. కాజీపేట నుంచి రామగుండం దాకా చెయ్యి నొప్పి పుట్టేలా స్టిక్ లాగిపట్టుకుని పోయేవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పు తమదనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. పరికరానికీ విమానానికీ ఉన్న తేడా అది. తెలిస్తే ఒక సాయంత్రంలో చేతికి అలవాటవుతుంది. ట్రిమ్‌ను బటన్‌కు పెడితే మెట్లు మెట్లుగా వస్తుంది. చక్రం ఉంటే సాఫీగా ఉంటుంది. హనీకోంబ్ బ్రావో థ్రాటిల్ పక్కన ట్రిమ్ చక్రం ఇచ్చింది అందుకే.

స్ప్రింగు బదులు మోటార్లు పెట్టి, గాలి బరువును చేతికి తెలియజేసే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్‌లు ఈ చిక్కును నిజంగా తీరుస్తాయి. ట్రిమ్ మార్చితే వాటి నడుమ కూడా మారుతుంది. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 సామాన్యులకు అందే ధరలోనే ఉండేది. ఆ తర్వాత చాలాకాలం మార్కెట్లో అలాంటివి లేకుండా పోయాయి. ఇప్పుడు మోజా ఏబీ9 లాంటివి మళ్లీ వస్తున్నాయి, ధర మాత్రం చాలా పైన.

హెలికాప్టర్ మీద మనసున్నవాళ్లకు స్ప్రింగు అడ్డం. హెలికాప్టర్ గాల్లో నిలబడాలంటే సైక్లిక్‌ను, అంటే హెలికాప్టర్ స్టిక్‌ను, నడుమ కాకుండా కాస్త పక్కకు పట్టుకుని ఉండాలి. స్ప్రింగు ఉంటే దానితో కుస్తీ పడుతూనే ఉంటాం. స్ప్రింగు పూర్తిగా తీసేసి, రాపిడి బిగించుకునే వీలున్న బేసు అయితేనే హాయి. పైన చెప్పిన సూత్రం ఇక్కడ తిరగబడుతుంది, స్టిక్ కూడా థ్రాటిల్ లాగే పెట్టినచోట ఉండాలి.

థ్రాటిల్

స్టిక్ గురించి అడిగినంతమంది థ్రాటిల్ గురించి అడగరు. జాయ్‌స్టిక్ అడుగున బొటనవేలుతో జరిపే చిన్న మీట ఉంటే చాలనుకుంటారు. పెద్ద విమానం ఆటోపైలట్ మీద నడిపేవాళ్లకు నిజంగా చాలు. చేత్తో దిగాలనుకునేవాళ్లకు చాలదు. దిగేటప్పుడు ఎత్తును ఎక్కువగా చూసుకునేది ఇంజిన్ శక్తే. మీట మొత్తం దూరం నాలుగు సెంటీమీటర్లే అయితే, రెండు శాతం శక్తి పెంచడానికి ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ జరపాలి. చేతికి అది సాధ్యం కాదు. ఎక్కువ పెట్టి, తగ్గించి, మళ్లీ పెట్టి, రన్‌వే దాకా ఇదే తంతు.

థ్రాటిల్ మంచిచెడ్డలన్నీ రాపిడిలోనే ఉన్నాయి. ఆపి ఉన్న మీటను కదిలించడానికి ఎంత బలం కావాలి, కదులుతున్నప్పుడు ఎంత కావాలి? ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువైతే మీట పట్టి పట్టి గెంతుతుంది. నెమ్మదిగా తోస్తాం, కదలదు, ఇంకాస్త తోస్తాం, ఒక్కసారిగా సెంటీమీటరు దూకుతుంది. ఫైటర్ విమానంతో పక్క విమానాన్ని ఆనుకుని పోవాలన్నా, గాల్లో ఇంధనం నింపుకోవాలన్నా ఈ దూకుడుతో కాని పని. చవక థ్రాటిళ్లలో ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకుంటుంది, మధ్యలో గ్రీజు. మన ఎండలకు ఆ గ్రీజు ఆరిపోతే రాపిడి మారిపోతుంది. అప్పుడు కుట్టుమిషన్ నూనె పోయకండి. నూనె కారి సెన్సర్ దాకా పోతుంది, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను తింటుంది కూడా. ప్లాస్టిక్‌కు పనికొచ్చే సిలికాన్ గ్రీజు కొంచెం రాస్తే చాలు.

కొనేటప్పుడు అడుగున బిగువు సరిచేసుకునే స్క్రూ ఉందో లేదో చూడండి. థ్రస్ట్‌మాస్టర్ టీడబ్ల్యూసీఎస్‌లో ఉంది. ఆ థ్రాటిల్ ఇరుసు మీద తిరగదు, పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. జారే థ్రాటిల్‌కు ఒక లాభముంది: మొదటి నుంచి చివరిదాకా మణికట్టు ఒకే కోణంలో ఉంటుంది, మోచెయ్యి బల్ల మీద ఆనించి పెట్టుకోవచ్చు. ఇరుసు మీద తిరిగే థ్రాటిల్ అయితే అసలు విమానాల్లో చాలావాటిలా ఉంటుంది, చిన్న జాగాలో ఇముడుతుంది. ఇందులో ఇదే గొప్పదని చెప్పడానికి లేదు. జారే రకం పట్టాల్లో దుమ్ము చేరితే మాత్రం ఇట్టే తెలుస్తుంది, వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచడం మంచిది.

తర్వాతిది డిటెంట్, అంటే మీట ఒక చోట టక్కుమని కూర్చునే గాడి. ఇది ఎక్కడ ఉండాలన్నది పూర్తిగా విమానాన్ని బట్టి. ఎయిర్‌బస్‌లో ఐడిల్, క్లైంబ్, ఫ్లెక్స్, టోగా అని వరస గాడులు. పైలట్ కళ్లు దించి చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. ఫైటర్‌లో ఐడిల్ దగ్గర ఒకటి, ఆఫ్టర్‌బర్నర్ మొదలయ్యే చోట ఇంకొకటి. ఏ-10 యుద్ధ విమానం నమూనాలో చేసిన థ్రస్ట్‌మాస్టర్ వార్థాగ్ థ్రాటిల్‌లో రెండు ఇంజిన్లకు రెండు వేరు మీటలు, వాటికి ఈ గాడులు ఉంటాయి. చవకలో దొరికే టీ.ఫ్లైట్ హోటాస్ ఎక్స్‌లో గాడి సరిగ్గా మధ్యలో ఉంది. అంతరిక్ష గేముల్లో మధ్య అంటే సున్నా, వెనక్కి లాగితే వెనక్కి పోవడం. అక్కడ ఆ గాడి ఉండి తీరాలి. సెస్నాలో యాభై శాతం దగ్గర గాడి వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా దిగేటప్పుడు శక్తి సర్దుకునే దారిలోనే అడ్డు తగులుతుంది.

ఇంజిన్ శక్తిని కంప్యూటరే చూసుకునే ఆటోథ్రాటిల్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎయిర్‌బస్‌లో మీటలు క్లైంబ్ గాడిలో కూర్చుని ఉంటాయి, కంప్యూటర్ శక్తిని పెంచినా తగ్గించినా అవి కదలవు. ఇంట్లో మీటా కదలదు, కాబట్టి చిక్కు లేదు. బోయింగ్ 737లో ఆటోథ్రాటిల్ మీటలను నిజంగానే మోటారుతో ముందుకూ వెనక్కూ జరుపుతుంది. ఇంట్లో మీట మాత్రం మీరు వదిలిన చోటే ఉంటుంది. టేకాఫ్‌లో ముందుకు తోసి వదిలేశారు, గంట తర్వాత దిగుతూ ఆటోథ్రాటిల్ తీసేశారు, అంతే, కంప్యూటర్ మీ మీట ఎక్కడుందో చూసి ఇంజిన్లను ఒక్కసారిగా గర్జింపజేస్తుంది. తీసేముందు తెర మీద థ్రాటిల్ ఎక్కడుందో చూసి, చేతిలో మీటను అక్కడికి తెచ్చి, అప్పుడు తీసేయండి. కరెంటు పోయి ఫ్లైట్‌ను మళ్లీ మొదటి నుంచి లోడ్ చేసుకున్నప్పుడూ ఇదే జాగ్రత్త.

చిన్న విమానాలు, పెద్ద విమానాలు రెండూ నడిపేవాళ్లకు బ్రావో లాంటి క్వాడ్రెంట్ బాగుంటుంది. ఆరు మీటలు, విమానాన్ని బట్టి వాటి తలలు మార్చుకోవచ్చు. సెస్నాకు థ్రాటిల్, మిక్స్చర్, జెట్‌కు ఇంజిన్ మీటలు, ఫ్లాప్స్, స్పాయిలర్. చక్రాల మీట వేరే. బల్ల మీద జాగా మాత్రం బాగా కావాలి.

రడ్డర్‌కు పెడల్స్ కొంటే మంచిదే, కానీ మొదట్లో తొందర వద్దు. మెలి తిరిగే స్టిక్ లేదా థ్రాటిల్ ముందున్న ఊగే పట్టీ సరిపోతుంది. పక్కగాలిలో దిగడం మీద మనసు పడ్డప్పుడు పెడల్స్ గురించి ఆలోచించవచ్చు. వార్థాగ్ లాంటి మెలి లేని స్టిక్ కొంటే మాత్రం పెడల్స్ ఖర్చు కూడా అప్పుడే లెక్కలో వేసుకోవాలి.

సెట్టింగులు, బల్ల, మరమ్మతు

స్టిక్ కాస్త ఆడుతోందని డెడ్‌జోన్ పెంచేస్తారు చాలామంది. 5 శాతం డెడ్‌జోన్ చిన్నదే అనిపిస్తుంది. 20 డిగ్రీల్లో 5 శాతం అంటే ఒక డిగ్రీ, పైన లెక్క ప్రకారం చేతి దగ్గర 3.5 మిల్లీమీటర్లు. అటు అంత, ఇటు అంత. ఆ మేరకు మీ చెయ్యి కదిలినా విమానానికి తెలియదు. రన్‌వే మీద చక్రాలు ఆనించేటప్పుడు చేసే సవరణలన్నీ ఆ కొలతలోనే ఉంటాయి. ముందు సున్నా పెట్టండి, విమానం దానంతటదే పక్కకు పోతుంటే ఒక్కో శాతం చొప్పున మాత్రమే పెంచండి.

చెయ్యి ఎంత కదిలితే విమానం ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు కర్వ్, దాని సంగతి కొంచెం నయం. పొట్టి స్టిక్‌కు నడుమ మెత్తగా, అంచుల్లో చురుగ్గా ఉండేలా కొద్దిపాటి కర్వ్ పెట్టుకుంటే చెయ్యి కుదురుగా ఉంటుంది. ఎయిర్‌బస్‌కు నేనైతే పెట్టను, అక్కడ మెత్తదనం కంప్యూటర్ ముందే చూసుకుంటుంది. హెలికాప్టర్‌కు అసలే వద్దు. పక్కకు పట్టి ఉంచిన చోట అటు ఒక తీరు, ఇటు ఒక తీరు స్పందన వచ్చి చెయ్యి అయోమయంలో పడుతుంది.

వేలకు వేలు పోసి కొని, స్టిక్‌ను ఊగే కంప్యూటర్ టేబుల్ మీద పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. లాగినప్పుడు బేసు లేస్తే, స్ప్రింగు ఎంత మంచిదైనా వృథా. వడ్రంగి దగ్గర మందమైన ప్లైవుడ్ ముక్క కోయించి, స్టిక్ బేసును దానికి స్క్రూలతో బిగించి, కుర్చీ చేతికీ తొడకూ మధ్య ఎత్తులో అమర్చుకోండి. మోచెయ్యి దాదాపు లంబకోణంలో, ముంజెయ్యి దేనికైనా ఆని ఉండాలి. ముంజెయ్యి గాల్లో వేలాడుతుంటే భుజంతో నడపాల్సి వస్తుంది. వేళ్లతో, మణికట్టుతో చేయాల్సిన పని భుజంతో అయ్యేది కాదు.

ఇక మన దగ్గర కొనేవాళ్లు ఆలోచించాల్సింది మరమ్మతు. ఈ సరుకులు వరంగల్‌లో షాపుకెళ్లి చేత్తో పట్టుకుని చూసే వీలు తక్కువ. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, పాడైతే తిరిగి కొరియర్ చేయాలి, వారాలు పడుతుంది. విదేశం నుంచి నేరుగా తెప్పించే వర్పిల్ లాంటి వాటికి కస్టమ్స్ సుంకం కూడా కలుస్తుంది. ఈ కోణంలో చూస్తే పొటెన్షియోమీటర్‌కు ఒక మంచి గుణముంది: అరిగితే మార్చవచ్చు. అదే విలువ, అదే సైజు పొటెన్షియోమీటర్ ఎలక్ట్రానిక్స్ షాపులో చవకగా దొరుకుతుంది, సోల్డరింగ్ వచ్చిన మొబైల్ రిపేరు కుర్రాడు వేసి ఇవ్వగలడు. హాల్ సెన్సర్ బోర్డు కాలితే ఆ కంపెనీ బోర్డే కావాలి. హాల్ కాలడం అరుదు కనుక ఇప్పటికీ నా ఓటు దానికే, కానీ వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో చూసుకున్నాకే.

మొదటిసారి కొనేవాళ్లు మెలి ఉన్న, తాకని సెన్సర్లున్న స్టిక్ ఒక్కటి తీసుకుని, థ్రాటిల్‌కు దాని అడుగున ఉన్న చిన్న మీటతో కొన్నాళ్లు సర్దుకోవడం మంచిదనిపిస్తుంది. ఏ విమానం మీద మనసు నిలుస్తుందో అప్పటికి తెలిసిపోతుంది. ఎయిర్‌బస్ అయితే గాడులున్న క్వాడ్రెంట్, సెస్నా అయితే ట్రిమ్ చక్రమున్నది, ఫైటర్ అయితే పట్టు నిండా బటన్లున్న హోటాస్ థ్రాటిల్, హెలికాప్టర్ అయితే స్ప్రింగు తీసేసే బేసు. ముందే సెట్టు కొనేసి, ఏడాదికి ఇంకో విమానం మీదికి మనసు పోయి సగం ధరకు అమ్ముకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

అలా అమ్మేవి కొనుక్కోవడంలో తప్పు లేదు, పరీక్షించడం తెలిస్తే చాలు. అమ్మేవాళ్ల ఇంట్లోనే విండోస్ కంప్యూటర్‌కు తగిలించి, రన్ బాక్స్‌లో joy.cpl అని కొట్టండి. గీతల మధ్య చిన్న ప్లస్ గుర్తు కనపడుతుంది. స్టిక్‌ను నాలుగు మూలలకూ తీసుకుపోయి ఒక్కోసారి మెల్లగా వదలండి, ఒక్కోసారి చటుక్కున వదలండి. ప్రతిసారీ గుర్తు ఒకే చోటికి రావాలి. చెయ్యి తీసి అర నిమిషం చూడండి, వణకకూడదు. తర్వాత థ్రాటిల్‌ను వీలైనంత నెమ్మదిగా మొదటి నుంచి చివరిదాకా తోయండి, పట్టీ ఎక్కడైనా గెంతుతుందేమో చూడండి. మధ్యలో ఆపి వేలు తీసేయండి, మీట తన బరువుకు తానే జారకూడదు. థ్రాటిల్ గెంతితే శుభ్రం చేసుకోవచ్చు, ధర తగ్గించమని అడగండి. స్టిక్ నడుమ నిలవకపోతే మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.